పద్నాలుగు కుర్చీలు

నగరపాలక ఆఫీసులో నా పని పటాలు గీయడం. ముప్ఫై ఒక్క ఏళ్ళు అదే పని చేశాను. మొదట్లో పెన్సిలూ, సిరా, పలచటి కాగితం, తర్వాత కంప్యూటరు. నగరంలో ఎక్కడ ఏ కట్టడం లేవాలన్నా, ఏ వీధి వెడల్పు కావాలన్నా దాని పటం నా బల్ల మీదుగా పోవాల్సిందే. అందుకని ఊళ్ళో జరగబోయేవన్నీ నాకు అందరికంటే ముందు తెలిసేవి. ఆ ముందు తెలియడమే మా కొంప ముంచింది.

మా అన్నయ్య పడవల మేస్త్రి. నది ఒడ్డున, పాత గిడ్డంగుల చివర, నీళ్ళలోకి ఏటవాలుగా దిగే రాతి గచ్చు ఒకటి ఉండేది. దాన్ని అందరూ రేవు అనేవాళ్ళు. చిల్లులు పడ్డ పడవల్ని తాళ్ళతో ఆ గచ్చు మీదికి లాగి, బోర్లించి, పలకల సందుల్లో నార కూరి, తారు పూసి, మళ్ళీ నీళ్ళలోకి తోసేవాళ్ళు. నాన్న చేశాడు, అన్నయ్య చేశాడు, అన్నయ్య కింద ఇంకో పదమూడు మంది చేశారు. స్థలం నగరానిది. వీళ్ళ చేతిలో కాగితం ముక్క లేదు, ఉన్నదల్లా అరవై ఏళ్ళ వాడుక.

మా ఆఫీసుకీ ఆ రేవుకీ మధ్య ఒక పాత నాటకం నడిచేది. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఏడాదికి రెండు మూడుసార్లు ఎవరో ఒకరు ఫిర్యాదు పెట్టేవారు. తారు కంపు కొడుతోందని ఒకసారి, చెక్కపేళ్ళు నీళ్ళలో తేలుతున్నాయని ఒకసారి, బోర్లించిన పడవలు దారికి అడ్డమని ఇంకోసారి. మావాళ్ళు తనిఖీకి బయల్దేరేవారు. వెళ్ళే ముందు రోజు ఆ కాగితం నా కంట పడేది. సాయంత్రం ఇంటికి వెళ్తూ అన్నయ్య గుమ్మంలో నిలబడి ఒక్క మాట చెవిన వేసేదాన్ని. "రేపు మావాళ్ళొస్తున్నారు." అంతే. లోపలికి కూడా వెళ్ళేదాన్ని కాదు.

తెల్లారేసరికి దించగలిగిన పడవలు నీళ్ళలోకి దిగి అవతలి వంపులో నక్కేవి. దించలేనివి తోపుడుబండి ఎక్కి వదిన పెరట్లో చేరేవి. గచ్చు కడిగేసి ఉండేది. తారు డబ్బాల మీద గోనెపట్టాలు. తనిఖీ మనిషి వచ్చి, ముక్కు ఎగబీల్చి, రాసుకోవడానికి ఏమీ దొరక్క వెళ్ళిపోయేవాడు. ఇరవై ఏళ్ళు ఇలా గడిపాం. ఒక్కసారి కూడా దొరకలేదు. నిజం చెప్పొద్దూ, నాకు దాని మీద గర్వం కూడా ఉండేది.

అప్పుడు ఒక కట్టడాల కంపెనీ వచ్చింది. గిడ్డంగులన్నీ కొనేసింది. కింద దుకాణాలు, వాటి పైన ఆఫీసులు, ఆ పైన నది కనబడే ఇళ్ళు, చివర ఒక హోటలు. అంతా కలిపి ఒక నమూనా చేసి, గాజు పెట్టెలో పెట్టి, మా మీటింగ్ హాల్లో దించారు. అందులో నదికి నీలం రంగు వేశారు. మా నదిలో ఆ రంగు నేనెన్నడూ చూడలేదు. ఒడ్డున గోరంత ప్లాస్టిక్ మనుషులు చేతులు పట్టుకుని నడుస్తున్నారు. ఒక్కడి చేతిలోనూ పనిముట్టు లేదు.

మా పెద్ద సారుని మేం చాటుగా సమతూకం సారు అనేవాళ్ళం. నోరు విప్పితే ఆ మాటే. రెండు అరచేతులూ పైకెత్తి, ఒక దాంట్లో కంపెనీ లాభం, ఇంకో దాంట్లో జనం మేలు ఉన్నట్టు కాసేపు అటూ ఇటూ ఊపి, చివరికి రెండూ ఒకే ఎత్తులో ఆపి, "సమతూకం!" అనేవారు. చూసేవాళ్ళకి నవ్వు ఆగేది కాదు. మనిషి మాత్రం చెడ్డవాడు కాదు. నాకు ఎంత కోపం ఉన్నా ఆ మాట అనలేను.

ఆయన పట్టుబట్టి రాయించిన నిబంధన ఇది. కంపెనీ ఒడ్డులో మూడోవంతు జనానికి వదిలితే ఇంకో ఆరు అంతస్తులు వేసుకోవచ్చు. ఆ మూడోవంతులో ఏముండాలో కంపెనీ తేల్చకూడదు, మేమూ తేల్చకూడదు. జనం ఇప్పుడు ఆ చోటుని దేనికి వాడుతున్నారో ఒక మామూలు పనిరోజున, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా మనిషిని కూర్చోబెట్టి చూడాలి. నడిచే చోట నడక ఉంచాలి, ఆడే చోట ఆట ఉంచాలి, పని జరిగే చోట పని ఉంచాలి. రేవులో పని ఉందని తేలితే రేవుని రేవుగానే ఉంచి, దాని మీద నీడకి కప్పు, పక్కన నీళ్ళ కుళాయి కంపెనీయే వేయించాలి. ఆ రోజేదో ఎవరికీ ముందుగా తెలియకూడదు. తెలిసినట్టు బయటపడితే ఆ లెక్క చెల్లదు, మళ్ళీ ఇంకో రోజు చూడాలి. చెప్పినవాళ్ళ ఉద్యోగం మాత్రం ఊడుతుంది.

కంపెనీ తరఫున వచ్చే మేడమ్ ఎప్పుడూ నవ్వుతూనే ఉండేది. ఈ నిబంధన చదివిన రోజు మాత్రం నవ్వు కాస్త జారింది. "తారు వాసన వచ్చే ఇల్లు ఎవరు కొంటారు సార్?" అంది.

"కొనేవాళ్ళ ముక్కూ చూడాలి, అక్కడ బతికేవాళ్ళ పొట్టా చూడాలి కదమ్మా," అని సారు అరచేతులు ఎత్తారు.

నేను మూలన కూర్చుని ఇదంతా రాసుకుంటున్నాను. నా సర్వీసులో ఇంతకంటే మంచి నిబంధన చూడలేదు. అరవై ఏళ్ళుగా దాక్కుంటూ బతికిన రేవుకి మొదటిసారి ఒక కాగితం రాబోతోంది. నాన్న ఉంటే ఎంత సంబరపడేవాడో అనుకుని కళ్ళు తుడుచుకున్నాను కూడా.

లెక్క చూడ్డానికి వెళ్ళే మనిషికి కాగితాలు అచ్చు వేసి ఇవ్వాల్సింది నేనే. తేదీ చూశాను. బుధవారం.

ఊరుకుంటే సరిపోయేది. ఒట్టు, ఊరుకుంటే చాలు. మామూలు బుధవారం రేవు మీద నాలుగు పడవలుంటాయి, సుత్తి మోతకి పక్కవాడి మాట వినబడదు, మూలన తారు మరుగుతుంటుంది. కళ్ళు మూసుకుని కూర్చున్నా అక్కడ పని జరుగుతోందని రాయొచ్చు. కానీ నాకు మనసు ఆగలేదు. ఆ రోజు ఇద్దరు ముగ్గురు రాకపోతే? అన్నయ్యకి జ్వరం వస్తే? ఒక మాట చెవిన వేస్తే పోలా అనుకున్నాను.

ఆదివారం సాయంత్రం వెళ్ళాను. అన్నయ్య వరండాలో కూర్చుని ఉలికి పదును పెడుతున్నాడు. వదిన బట్టలు మడతపెడుతోంది. ఇరవై ఏళ్ళుగా నిలబడ్డ ఆ గుమ్మంలోనే నిలబడ్డాను.

"బుధవారం మావాళ్ళొస్తున్నారు," అన్నాను.

అన్నయ్య తలెత్తాడు.

"ఈసారి చిన్న సంగతి కాదన్నయ్యా. రేవు ఉంటుందా, పోతుందా అనేది దీనిమీదే ఉంది. నేను చెప్పానని ఎక్కడా అనకు."

"పెద్దవాళ్ళొస్తారా?"

"పెద్ద విషయమే అనుకో."

"నువ్వెళ్ళు చిన్నీ. మేం చూసుకుంటాం కదా," అన్నాడు.

యాభై ఏడేళ్ళ దాన్ని ఇంకా చిన్నీ అనే పిలుస్తాడు. వీధి చివరిదాకా హాయిగా నడిచి వెళ్ళాను. పడవలన్నీ పైకి లాగి పెట్టు, ఒక్కడు కూడా సెలవు పెట్టకూడదు. ఈ రెండు ముక్కలు నా నోట్లోంచి ఊడిపడలేదు. ఎందుకు చెప్పాలి, అన్నయ్యకి ఆ మాత్రం తెలియదా అనుకున్నాను. అన్నయ్యకి తెలిసిందల్లా నేను ఇరవై ఏళ్ళుగా నేర్పిందే.

శుక్రవారం ఆ కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. గంటకొక గడి చొప్పున పన్నెండు గడులు. రేవు అని ఉన్న వరసలో పన్నెండు గడుల్లోనూ ఒకే అంకెలు. పడవలు, సున్నా. పని చేస్తున్నవారు, సున్నా. కూర్చున్నవారు, పద్నాలుగు.

నేను మొదట పక్క వరస చూస్తున్నానేమో అనుకున్నాను. స్కేలు పెట్టి మళ్ళీ చదివాను.

ఏం జరిగిందో తర్వాత వదిన చెప్పింది. సోమవారమే పనులు ఆపేశారట. మంగళవారం పడవలన్నీ తరలించారు. ఈసారి పెద్దవాళ్ళు కదా, ఊరికే కడిగితే సరిపోదని గచ్చుని ఇసుక వేసి రుద్దారు. సున్నం తెచ్చి అంచులకి గీతలు వేశారు. ఎదురుగా ఉన్న బడికి వెళ్ళి, హెడ్మాస్టరుని బతిమాలి పదిహేను కుర్చీలు అడిగి తెచ్చారు. పొద్దున అయిదింటికే అందరూ స్నానాలు చేసి, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చి నిలబడ్డారు. అన్నయ్య గోళ్ళలో తారు పోవడానికి కిరసనాయిలుతో చేతులు రుద్దుకున్నాడట.

వచ్చింది ఒక్క మనిషి. నలభై దాటినవాడు, మోకాళ్ళ నొప్పులు, చంకలో మడత స్టూలు, చేతిలో నొక్కితే టిక్కుమనే అంకెల మీట. కుర్చీ వేస్తే వద్దన్నాడు. టీ ఇస్తే వద్దన్నాడు. దూరంగా తన స్టూలు మీద తను కూర్చున్నాడు. వెనక పెద్దవాళ్ళు వస్తున్నారు కాబోలు, ఈయన ముందుగా చూసిపోవడానికి వచ్చాడు అనుకున్నారు వీళ్ళు. కుర్చీలన్నీ బోసిగా ఉంటే బాగోదని అన్నయ్య అందర్నీ కూర్చోమన్నాడు. ఆ మనిషి కోసం ఒక కుర్చీ పక్కన పెట్టి, మిగతా పద్నాలుగింట్లో పద్నాలుగు మందీ కూర్చున్నారు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా. ఎండలో, ఇస్త్రీ చొక్కాలతో, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

మధ్యలో అన్నయ్య రెండుసార్లు లేచి వెళ్ళి, "అయ్యా, పెద్దవాళ్ళు ఎప్పుడొస్తారండీ?" అని అడిగాడట. మాట్లాడకూడదని రూలు కాబట్టి ఆయన నవ్వి ఊరుకున్నాడట.

ఆ కాగితాల్ని పటం మీద చుక్కలుగా మార్చడం నా పని. పనికి ఎరుపు, నడకకి నీలం, విశ్రాంతికి ఆకుపచ్చ. రేవు మీద పద్నాలుగు ఆకుపచ్చ చుక్కలు పెట్టాను. ఒక్కో చుక్క పెడుతుంటే ఇది ఫలానా వాడు, ఇది మా అన్నయ్య అని తెలుస్తూనే ఉంది. కంపెనీ వాళ్ళు వేలు కూడా కదపలేదు. లంచం లేదు, బెదిరింపు లేదు. అంతా మా ఇంట్లోవాళ్ళమే చేసి, పళ్ళెంలో పెట్టి ఇచ్చాం.

ఆ సాయంత్రం అన్నయ్య ఇంటికి వెళ్ళాను. ఈసారి గుమ్మం దాటాను.

"పడవలు ఎందుకు తీసేశావ్?" అన్నాను. అరిచాను అనాలి.

"అదేంటి చిన్నీ? నువ్వే కదా వస్తున్నారన్నావ్!"

"పని చూడ్డానికి వచ్చారన్నయ్యా! పని చేస్తున్నారా లేదా అని చూసి రాసుకోడానికి వచ్చారు!"

అన్నయ్య నన్ను ఎగాదిగా చూశాడు. "పని చూడ్డానికా? మీ ఆఫీసువాళ్ళు పని చూడ్డానికి ఎప్పుడొచ్చారు?"

వదిన తల పట్టుకుని కూర్చుండిపోయింది. కాసేపటికి నేనే నిబంధన మొత్తం విడమర్చి చెప్పాను. తేదీ ముందే తెలిసిందని ఎవరైనా చెబితే ఈ లెక్క కొట్టేస్తారని, మళ్ళీ వస్తారని, నెలరోజుల్లో మీటింగ్ ఉందని, అక్కడ ఎవరైనా మాట్లాడవచ్చని చెప్పాను.

"అయితే ఇంకేం, చెప్పేద్దాం," అంది వదిన.

అన్నయ్య మాత్రం నా మొహం చూస్తున్నాడు. "చెబితే నీకేమవుతుంది?"

"ఉద్యోగం పోతుంది."

"పెన్షన్?"

"అదీ పోతుంది."

"ఎంతకాలం ఉంది నీకింకా?"

"పదకొండు నెలలు."

అన్నయ్య గోటి సందులో మిగిలిన తారు గీక్కున్నాడు. తర్వాత, "సరేలే, చూద్దాం. భోంచేసి వెళ్ళు," అన్నాడు.

"నేను చెప్తాను వదినా. మీటింగ్‌లో నేనే చెప్తాను," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను.

ఉత్తరం కూడా రాశాను. మూడే వాక్యాలు. బుధవారం సంగతి ఆదివారమే మా అన్నయ్యకు నేను చెప్పాను, తప్పు నాది, లెక్క మళ్ళీ చూడవలసిందిగా కోరుతున్నాను. కింద సంతకం. మడిచి బ్యాగు లోపలి జేబులో పెట్టుకున్నాను. నెలరోజులు ఆ ఉత్తరం నాతో ఆఫీసుకి వచ్చింది, ఇంటికి వెళ్ళింది. రోజూ ఇవ్వాలనుకున్నాను. సారు ఒక రోజు బిజీ, ఒక రోజు కోపంగా ఉన్నారు, ఒక రోజు మరీ సరదాగా ఉన్నారు.

ఇక్కడ పెద్ద కష్టమేదో చెప్పి మీ జాలి కొట్టేయాలని లేదు. మా ఆయన పంతులు ఉద్యోగం చేసి దిగిపోయాడు, ఆ పెన్షన్ ఉంది. అమ్మాయి స్థిరపడింది. ఇల్లు మాదే. పెన్షన్ లేకపోయినా పస్తులుండం. అన్నయ్యకి పోయేది బతుకు, నాకు పోయేది నెలనెలా వచ్చే ధీమా, ఆఫీసులో చివరిరోజు వేసే దండ. తక్కెడ పట్టుకోడానికి నాకు సమతూకం సారు అక్కర్లేదు. ఏది బరువో నాకు స్పష్టంగా తెలుసు.

మీటింగ్ రోజున హాలు నిండిపోయింది. గాజు పెట్టె మధ్యలో ఉంది. పటం తెర మీద వేసి, ఎర్రటి వెలుతురు చుక్క పడే పెన్ను పట్టుకుని సారు చెప్పిన చోటల్లా చూపించడం నా వంతు. మాట్లాడినవాళ్ళ మాటలు రాసుకోవడమూ నా వంతే. బ్యాగు కుర్చీ కింద ఉంది. అన్నయ్య మూడో వరసలో కూర్చున్నాడు. అదే ఇస్త్రీ చొక్కా. పక్కన వదిన.

రేవు వంతు వచ్చింది. కంపెనీ మేడమ్ లేచి, జనం ఆ చోట కూర్చుని నదిని చూడడానికి ఎంతగా ఇష్టపడుతున్నారో లెక్కే చెబుతోందని, పద్నాలుగు మంది రోజంతా కదలకుండా కూర్చున్న చోటు నగరంలో ఇంకెక్కడా లేదని, కాబట్టి కంపెనీ అక్కడ పద్నాలుగు రాతి ఆసనాలు సంతోషంగా కట్టిస్తుందని చెప్పింది. నవ్వు పూర్తిగా తిరిగొచ్చేసింది.

సారు మాత్రం కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదువుతున్నారు. ఆ టిక్కుల మనిషి నిక్కచ్చి మనిషి. అడుగున చిన్న అక్షరాలతో ఒక మాట రాశాడు. 'చోటు చాలా శుభ్రంగా ఉంది. తారు వాసన బలంగా వస్తోంది. కూర్చున్నవారు ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టున్నారు.' సారు దాన్ని పైకి చదివారు.

"మేస్త్రిగారు వచ్చారా?" అని అడిగారు.

అన్నయ్య లేచి నిలబడ్డాడు.

"తారు వాసన వస్తోందని రాశారు. పడవల్లేకుండా తారు ఎందుకండీ?"

"పాత వాసన సార్. రాయిలోకి ఇంకిపోయింది, పోదు."

"ఆ రోజు మా మనిషి వస్తున్నాడని మీకు ముందే తెలుసా? భయపడకండి. తెలిస్తే తెలుసని చెప్పండి. తెలిసిందంటే ఈ లెక్క కొట్టేస్తాను. ఇంకోసారి చూపిస్తాను. ఎవరు చెప్పారు అనేది నేను చూసుకుంటాను."

వదిన నోరు తెరిచింది. అన్నయ్య వంగి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. తెర మీద నా చేతిలోని ఎర్ర చుక్క ఆకుపచ్చ చుక్కల మధ్య వణుకుతోంది. దాన్ని ఆర్పేశాను.

"తెలీదు సార్. ఆ రోజు పని లేదు. ఊరికే కూర్చున్నాం," అన్నాడు అన్నయ్య.

"నిజమేనా?"

"నిజమే సార్."

సారు కాసేపు ఆయన్నే చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "రాసుకోండమ్మా," అన్నారు.

రాసుకున్నాను. 'ఆ రోజు పని లేదని మేస్త్రి స్వయంగా చెప్పారు.' నా దస్తూరీ బాగుంటుందని ఆఫీసులో పేరు. ఆ వాక్యం కూడా ముత్యాల్లాగే వచ్చింది.

నేను లేచే లోపే అన్నయ్య అనేశాడని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది అబద్ధం. అన్నయ్య ఆ మాట అన్న తర్వాత కూడా అరగంట మీటింగ్ నడిచింది. పార్కింగు గురించి మాట్లాడారు, చెత్తడబ్బాల రంగు గురించి మాట్లాడారు. ఇంకెవరైనా ఏమైనా చెప్పాలా అని సారు రెండుసార్లు అడిగారు. రెండోసారి అడిగినప్పుడు నా కాలు కుర్చీ కింద బ్యాగుకి తగులుతూనే ఉంది. నేను కిక్కురుమనలేదు.

చివర్లో సారు అరచేతులు రెండూ ఎత్తి, ఒకే ఎత్తులో ఆపారు. ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు.

మెట్ల దగ్గర వదిన నా కోసం ఆగింది. అన్నయ్య ముందు వెళ్ళిపోయాడు. "నీ పెన్షన్ కోసం ఆయన నోరు కట్టేసుకున్నాడు, సరే. నీ నోటికేమొచ్చింది?" అంది. అంతే, వెళ్ళిపోయింది. ఆ తర్వాత వదిన నాతో మాట్లాడలేదు. ఇంటికి వెళ్తే మంచినీళ్ళు తెచ్చి పెడుతుంది, పలకదు.

అన్నయ్య కింద చేసిన పదమూడు మందిలో ముగ్గురు నదికి ఎగువన బురదలో ఒక చోటు వెతుక్కున్నారు. ఇద్దరు ఫర్నిచర్ దుకాణంలో చేరారు. మిగతావాళ్ళు ఏమయ్యారో నేను అడగలేదు. అన్నయ్యకి అరవై నాలుగు. ఎవరూ పనికి పిలవలేదు. పనిముట్లన్నీ నూనె రాసి పెట్టెలో సర్దాడని మా ఆయన చెప్పాడు.

నాకు దండ వేశారు. శాలువా కప్పారు. నిజాయితీకి మారుపేరు అని సారు నా గురించి చెప్పారు. నేను తల వంచుకుని కూర్చుంటే అణకువ అనుకున్నారు.

నేను దిగిపోయిన ఏడు నెలలకి ఒడ్డు తెరిచారు. ఒక పొద్దున అన్నయ్య ఫోన్ చేసి, "రా చిన్నీ, ఎలా కట్టారో చూద్దాం," అన్నాడు. వద్దనడానికి నాకు మొహం చెల్లలేదు.

బాగానే కట్టారు. అదే అసలు బాధ. చెత్తగా కట్టి ఉంటే తిట్టుకోడానికైనా ఉండేది. ఏటవాలు గచ్చు ఉన్నచోట వెడల్పాటి రాతి మెట్లు, వాటి మీద పద్నాలుగు ఆసనాలు. లెక్కపెట్టాను, పద్నాలుగే. నేను చుక్కలు పెట్టిన చోటే అటూ ఇటూగా ఉన్నాయి. జనం వచ్చారు. పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, కర్రలు ఊతంగా ముసలివాళ్ళు, ఐస్‌క్రీములు. వాళ్ళ సంతోషం దొంగ సంతోషం కాదు. పక్కన ఒక బోర్డు. అందరికీ స్వాగతం అని పైన పెద్ద అక్షరాలు. కింద చిన్న అక్షరాలతో పడవలు కట్టరాదు, చేపలు పట్టరాదు, పనులు చేయరాదు, పడుకోరాదు.

చివరి ఆసనం పక్కన ఒక పాత పడవని దిమ్మ మీద ఎక్కించి, దాని నిండా మట్టి పోసి పూలమొక్కలు నాటారు. అన్నయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. పలకల సందుల్లో వేలు పెట్టి చూశాడు. ఆ నార ఆయన కూరిందే. పదేళ్ళ క్రితం అనుకుంటా, ఇంకా చెక్కు చెదరలేదు. తోటమాలి పైపుతో నీళ్ళు పోస్తుంటే ఆగమన్నాడు.

"బాబూ, దీనికి అడుగున కన్నం పెట్టించండి. నీళ్ళు దిగే దారి లేదు. మొక్కలు కుళ్ళిపోతాయి."

"కన్నం లేదాండీ?" అన్నాడు తోటమాలి.

"లేదు. నాకు తెలుసు," అన్నాడు అన్నయ్య.

బతుకంతా కన్నాలు పూడ్చిన మనిషి.

ఇద్దరం ఒక ఆసనం మీద కూర్చున్నాం. అన్నయ్య అలవాటు కొద్దీ రాతి అంచు నిమిరి, అతుకు ఎక్కడుందో చూశాడు. చేతులు శుభ్రంగా ఉన్నాయి. గోళ్ళ సందుల్లో కూడా ఏమీ లేదు. నా బ్యాగులో ఆ ఉత్తరం ఇంకా ఉంది. ఇప్పుడిస్తే ఏమవుతుంది, ఏమీ కాదు. అయినా ఇచ్చే ధైర్యం లేదు, చింపేసే ధైర్యమూ లేదు.

ఏదో ఒకటి అనాలి. అన్నయ్యా, ఆ రోజు నేను లేవాల్సింది అని మొదలుపెట్టాలనుకున్నాను. నెలల తరబడి ఆ వాక్యం సిద్ధం చేసుకున్నాను. "అన్నయ్యా," అన్నాను.

"చిన్నీ, పెన్షన్ సరిగ్గా వస్తోందా?" అన్నాడు.

"వస్తోంది."

"ఒకటో తారీఖుకే?"

"ఊఁ."

"హమ్మయ్య," అన్నాడు అన్నయ్య. వెనక్కి ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నది వైపు చూస్తూ కూర్చున్నాడు.